గరిటెడు పిండి

మొదటి గుద్దుకే వంటవాడి పెదవి చిట్లింది. రెండో గుద్దుకు వెళ్ళి గిన్నెల అరకు కొట్టుకున్నాడు. స్టీలు పళ్ళాలన్నీ గలగలా నేల మీద పడ్డాయి.

"గుడ్డులో పిండి కలిపావా, లేదా?"

"లేదు సార్."

"అబద్ధం."

గుద్దినవాడు బక్కపలచని మనిషి. కొట్టడం అలవాటున్నవాడిలా లేడు. పిడికిలి నొప్పి పుట్టి విదిలించుకుంటున్నాడు, మళ్ళీ ఎత్తుతున్నాడు.

బయట హాల్లో, కిటికీ పక్కన బెంచీ మీద, అతని భార్య పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంది. ఇందాక ఆమ్లెట్ తిని చెయ్యి కడుక్కోవడానికి లేచిన పాపకు ఉన్నట్టుండి కళ్ళు తేలిపోయాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. మూర్ఛ. ఇప్పుడు తగ్గి నిద్రపోతోంది. తల్లి ఆ మూతి తుడిచిందే తుడుస్తోంది.

ఆ పాపకు ఏ మందూ పనిచెయ్యలేదు. ఇక పథ్యమే ఆఖరి మందు అన్నారు డాక్టర్లు. అన్నం, రొట్టె, చక్కెర, పిండి, ఏదీ నోట్లో పడకూడదు. గుడ్లు, వెన్న, మీగడ, అంతే. ఆ పథ్యం మొదలుపెట్టాక మూర్ఛ మళ్ళీ రాలేదు. ఈ రోజు వచ్చింది, ఈ హోటల్లో.

"నీకు చెప్పానా లేదా? ఇదే గుమ్మంలో నిలబడి, నీ చేతులు పట్టుకుని చెప్పానా? రవ్వంత పిండి తగిలినా పాప ప్రాణం మీదికొస్తుందని చెప్పానా?"

"చెప్పారు సార్. అందుకే పెనం తోమి మరీ వేశాను. గుడ్లు, వెన్న, ఉప్పు. ఇంకేం లేదు."

"హోటల్ ఆమ్లెట్ అంత ఎత్తు ఎలా పొంగుతుందో నాకు తెలీదనుకున్నావా? జారుగా కలిపిన మైదా గరిటెడు పొయ్యని వంటవాడు ఎక్కడైనా ఉన్నాడా?"

"పోస్తాం సార్, అందరికీ పోస్తాం. పాపకు పొయ్యలేదు. చేత్తోనే గిలక్కొట్టాను, రెక్క పడిపోయింది. అసలు పొద్దుట్నుంచి పిండే కలపలేదు. కావాలంటే చూడండి, బేసిను కడిగి బోర్లించినట్టే ఉంది."

వంటవాడు చూపించిన వైపు అతను తల తిప్పలేదు. చూడకుండానే కాలితో ఒక్క తన్ను తన్నాడు. బేసిను దొర్లుకుంటూ సింకు కిందికి పోయింది.

గల్లా దగ్గర్నుంచి యజమానురాలు పరుగెత్తుకొచ్చింది. తింటున్నవాళ్ళలో సగం మంది పళ్ళాలు వదిలేసి వెళ్ళిపోయారు. మిగతా సగం వంటగది తలుపు దగ్గర ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

"అయ్యా, ఇది హోటలు, కుస్తీ గోదా కాదు. పోలీసుల్ని పిలుస్తాను."

"పిలవండి. వాళ్ళొచ్చేలోపు వీడు చెప్పాలి."

ఆమె వంటవాడి వైపు తిరిగింది. "కలిపుంటే కలిపానని చెప్పి చావరాదూ? నిన్ను కొడితే కొట్టాడు, నా సామాను పగిలిపోతోంది."

"కలపందే ఎలా చెప్పను మేడమ్?"

"అబ్బో, మహా నిజాయితీపరుడు. నిన్నటి కూర వేడిచేసి వడ్డించినప్పుడు ఎక్కడికి పోయిందో ఈ నిజాయితీ."

"అది మీరు వడ్డించమంటేనే కదా."

ఫోన్లు పట్టుకున్నవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పూర్తికాకముందే పాప తండ్రి అట్లకాడ అందుకుని విసురుగా తిప్పాడు. దాని అంచు వంటవాడి చెవి తెగ్గోసింది. రక్తం మెడ మీదుగా తెల్ల చొక్కాలోకి దిగింది. వంటవాడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అతను అట్లకాడ ఉన్న చేత్తోనే ఆ జుట్టు పట్టుకుని లేపి, కుడిచెయ్యి వెనక్కి విరిచి, పొయ్యి దాకా ఈడ్చుకెళ్ళాడు. పెనం కింద మంట ఇంకా ఆర్పలేదు.

"ఈ చేత్తోనే కదా చేశావు."

"సార్, నాకూ ఓ కూతురుంది. దాని మీద ఒట్టు."

"నీ ఒట్లు నాకెందుకు? కలిపానని చెప్పు."

"నన్ను చంపినా..."

"చెప్పు."

అప్పుడు తల్లి గుమ్మంలోకి వచ్చింది. పాప ఆమె భుజం మీద వాలి ఉంది. "ఏమండీ, వదిలెయ్యండి. ఆ అన్న నిజంగానే కలపలేదేమో."

"ఆ మాట నువ్వు అనకు." గొంతు చీరుకుపోయేలా అరిచాడు. "ఎవరన్నా అననీ, నువ్వు మాత్రం అనకు."

అరుస్తూనే వంటవాడి అరచేతిని పెనానికి అదిమాడు.

చుర్రుమంది. ఫోన్లు పట్టుకున్నవాళ్ళు తలలు తిప్పుకున్నారు. వంటవాడి కేకకు పాప నిద్రలోనే ఉలిక్కిపడింది.

"కలిపాను," అన్నాడు వంటవాడు. "కలిపాను సార్. గరిటెడు. వదిలెయ్యండి."

అతను వదిలేశాడు. వంటవాడు తూలుకుంటూ వెళ్ళి చెయ్యి కొళాయి కింద పెట్టుకున్నాడు. యజమానురాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అట్లకాడ ఇంకా అతని చేతిలోనే ఉంది. ఇక ప్రాణాలే తీస్తాడనుకుని తల్లి పాప కళ్ళు మూసింది.

అతను అట్లకాడ కింద పడేశాడు. వెళ్ళి వంటవాడి ఎడమచెయ్యి పట్టుకుని, కళ్ళకద్దుకుని, వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత తలెత్తి భార్య వైపు చూశాడు. ముఖమంతా నవ్వు.

"విన్నావా? కలిపాడట. పథ్యం పనిచేస్తూనే ఉంది, పాప తలకు ఇక ఆపరేషన్ అక్కర్లేదు."