ముందు తిట్టా, మనిషా?

టైలరమ్మ కోపానికి ఆ రోజు మూడు సూదులు విరిగాయి. నాలుగోది భయపడి తనంతట తనే వంగిపోయింది.

కారణం పై వాటావాడు. వాడి డ్రమ్ములు. ఒక్కో దెబ్బకి కుట్టు ఒక్కో దిక్కుకి పోతోంది. నిన్న ఒక చొక్కాకి మూడు చేతులొచ్చాయి. సోమవారానికల్లా అరవై స్కూలు యూనిఫారాలు ఇవ్వకపోతే ఆర్డరు చేజారిపోతుంది.

మొన్నామధ్య పైకెళ్లి తలుపు బాది, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది. తలుపు తెరుచుకోలేదు గానీ లోపల్నుంచి ఏదో రెండు ముక్కలు వినిపించాయి. స్పానిష్ అని వాచ్‌మన్ చెప్పాడు. అంటే వాడికి మన భాష రాదు. అర్థంకాని తిట్టు దండగ. అందుకే స్పానిష్ మాస్టారుని పెట్టుకుంది.

"తోంతో వెసీనో!" అని అరిచింది. తెలివితక్కువ పొరుగువాడా అని.

"తప్పమ్మా. వెసీనో తోంతో. స్పానిష్‌లో ముందు మనిషి. వాడెలాంటివాడో తర్వాత."

"ముందు మనిషిని పిలిస్తే, తిట్టు వచ్చేలోపు వాడు తలుపేసుకోడూ? మనమైతే ముందు 'దిక్కుమాలిన' అని నిప్పంటిస్తాం. తర్వాతే 'వెధవా' అని పేలుస్తాం!"

"రంగులైనా అంతేనండీ. ఎర్ర చొక్కా కాదు, చొక్కా ఎర్ర."

"నా మొహం ఎర్ర! మూడు వారాల్నుంచీ ఇదే పాఠం. వచ్చిన కాడికి చాలు, ఇప్పుడే వెళ్లి వాణ్ణి దులిపేస్తా."

మాస్టారు కంగారుపడ్డాడు. "వద్దు వద్దు! తప్పుగా తిడితే నవ్వుతాడు. పైగా 'చెడ్డ' లాంటివి కొన్ని ముందు కూడా రావచ్చు."

కత్తెర బల్ల మీద దభీమని పడింది. "రావచ్చా? ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నారా?"

"అది వచ్చే నెల పాఠం కదండీ."

"సోమవారం దాటితే నేను మిషన్ అమ్ముకోవాలయ్యా!"

"సరే, శనివారం చెప్తా. అప్పటిదాకా మాత్రం పైకి వెళ్లకండి."

టైలరమ్మ పళ్లు పటపటా కొరికింది. కానీ తిట్టడమంటూ జరిగితే తప్పుల్లేకుండా జరగాలి.

"మీ మాట మీద ఆగుతున్నా. అయినా మీ పాదం మంచిది మాస్టారూ. మీరున్న గంటే నా చెవులకి సుఖం."

మాస్టారు వినయంగా తలవంచి, చెప్పులేసుకుని, ఒక్క అంతస్తు పైకెక్కి, జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచి, డ్రమ్ముల ముందు కూర్చున్నాడు.