పటానికి దండ

“ఆ దండ తీసెయ్యండమ్మా!”

వెనక నుంచి వినబడ్డ మాటకు కమలాకుమారి ఉలిక్కిపడింది. చేతిలో మిగిలిన కనకాంబరాలు జారి కిందపడ్డాయి.

గుమ్మంలో ఒక పెద్దావిడ. నేతచీర, చేతిసంచి, నుదుట రూపాయంత బొట్టు. జగ్గయ్యపేట బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చీర నిండా దుమ్ము.

అరవై నాలుగులో, నందిగామ చిత్రశాలలో పూలపోటీ జరుగుతున్న రోజది. గోడనున్న ఒక్కో బొమ్మకీ దాని రంగులకు తగ్గట్టు పూలు అమర్చాలి. గెలిస్తే వెండి కుంకుమభరిణె. మిరపకల్లం బొమ్మ ముందు రాఘవమ్మగారు కోడిజుట్టు పూలు రాశి పోసింది. కృష్ణ ఒడ్డు బొమ్మ ముందు ప్రేమకుమారి ఇత్తడి పళ్ళెం నీళ్ళలో నీలి శంఖుపూలు తేల్చింది. తనూ తేలిపోతోంది.

కమలాకుమారి ప్లీడరు జగన్నాథరావుగారి భార్య. ఆయన కోర్టులో వాదిస్తాడు, ఈవిడ ఇంట్లో వాదిస్తుంది. ఓటమి మాత్రం రెండుచోట్లా ఆయనదే. ఆవిడకు కొప్పు కన్నా గొప్ప పెద్దది. భరిణె ప్రేమకుమారికి పోతే బజార్లో తలెత్తుకోలేనని బెంగ.

చీటీలో ఆవిడకొచ్చింది నవ్వుతున్న ఓ పడుచువాడి బొమ్మ. ఆవపువ్వు రంగు కండువా, వెనక ఇటుకరంగు గోడ. కండువాకు చామంతులు, గోడకు కనకాంబరాలు, నడుమ మరువం కలిపి దండ కట్టి పటానికి వేసేసింది.

“ఎందుకు తియ్యాలి?” అంది గయ్యిమని.

“ఆయనకు దండేంటమ్మా...”

“మ్యూజియంలో ఉన్నవాళ్ళంతా పోయినవాళ్ళేగా! పోయినాయనకి దండ వెయ్యక, దండం పెట్టి ఊరుకుంటామా?”

పెద్దావిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. గబగబా వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి, దండ తీసేసింది.

“ఖాజావలీ! పూలదొంగ! పట్టుకో!”

బంట్రోతు ఖాజావలి పరుగెత్తుకొచ్చాడు.

“పదమ్మా, పద. ప్లీడరుగారింటోళ్ళతో నీకెందుకు గొడవ?”

దండను బల్ల మీద పెట్టి పెద్దావిడ చేతులు జోడించింది.

“మళ్ళీ వెయ్యబోకు తల్లీ. నీకు పుణ్యముంటుంది.”

ఆవిడ గడప దాటేలోపే దండ మళ్ళీ పటమెక్కింది.

జడ్జీలొచ్చారు. కండువా రంగే దండలోకి దిగొచ్చిందన్నారు. భరిణె కమలాకుమారికిచ్చారు. ప్రేమకుమారి మొహం శంఖుపువ్వు కన్నా నల్లబడింది.

సాయంత్రం చిత్రశాల సెక్రటరీ వెంకటరత్నం బెజవాడ నుంచి తిరిగొచ్చాడు. పటం చూసి ఉన్నచోటే నిలబడిపోయాడు.

“దండ వేసిందెవరు?”

“నేనేనండీ. ఫస్టు ప్రైజు!”

“పోయాడని ఎవరు చెప్పారమ్మా మీకు?”

కమలాకుమారి నవ్వు ఆగిపోయింది.

“పేట నుంచి బసవమ్మ అని ఒకావిడ రావాలి. రూపాయంత బొట్టు ఉంటుంది. ఏదీ?”

“పంపించేశామండీ... బస్సెక్కిపోయిందట. ఆవిడకీ ఈ పటానికీ ఏంటండీ?”

“ఈయన ఆవిడ మొగుడు. యుద్ధం రోజుల్లో పటాలంలో చేరి బర్మా వెళ్ళాడు. ఇరవయ్యేళ్ళయింది, కబురు లేదు. ఊరంతా పోయాడన్నా బొట్టు తియ్యలేదావిడ. హైదరాబాదు రోడ్డున వచ్చేపోయేవాళ్ళు చూస్తారు, ఎవరైనా గుర్తుపట్టి జాడ చెబుతారని పటం మనకిచ్చింది. పొద్దుట్నుంచి ఎంతమంది చూశారు?”

“మూడొందల మందికి తక్కువుండరు,” అన్నాడు ఖాజావలి.

“మూడొందల మందికీ పోయాడని చాటింపేశామన్నమాట.”

కమలాకుమారి దండ తీయబోయింది. గబుక్కున లాగేసరికి దండ తెగింది. చామంతులు నేలంతా దొర్లాయి.

“తప్పైపోయిందండీ. ఈ బొమ్మ వేసినాయన్నైనా ఒక మాట అడిగుంటే...”

వెంకటరత్నం తల అడ్డంగా ఊపాడు.

“వేసినాయన ఎవరూ లేరమ్మా. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేక, మొగుడి మొహం ఎక్కడ మరిచిపోతానోనని భయపడి, నడివయసులో కుంచె పట్టడం నేర్చుకుంది ఆ బసవమ్మే.”