కొత్తవారి వందనాలు

పినాక్ చిట్టచివరి బెంచీలో, తలుపు పక్కన కూర్చున్నాడు. తనను ఎవరూ ఎరగని చర్చిలో ఒక్క ఆదివారం ఊరికే కూర్చుని, ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోవాలి. రెండు బస్సులు మారి, కొండ దిగి పోర్ట్ ఆంటోనియో రేవుపట్నం దాకా వచ్చింది అందుకే.

వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే సిస్టర్ మెర్లీన్ కంట పడనే పడ్డాడు. తెల్ల టోపీ, తెల్ల చేతితొడుగులు. ఆమె గుమ్మంలో నిలబడితే ఈగ కూడా చెప్పకుండా బయటికి పోలేదు.

"కొత్తవాళ్ళు వెనక కూర్చుంటారా బ్రదర్? ముందుకి రండి."

"ఇక్కడ గాలి బాగుందమ్మా."

"అక్కడ ఫ్యానుంది."

అతని టోపీ అందుకుని చకచకా నడిచింది. టోపీ వెనకే పినాక్ నడిచాడు. రెండో వరసలో ఇద్దరు భారీ ఆడవాళ్ళ మధ్య అతన్ని ఇరికించి వెళ్ళిపోయింది. ఇక కదిలే దారి లేదు.

కుడిపక్కావిడ అడక్కుండానే ఒక పిప్పరమెంటు చేతిలో పెట్టింది.

"మీ చర్చి మానేసి వచ్చారా? పాస్టరుతో పేచీయా?" గుసగుసగా అడిగింది.

"అది రోజూ ఉండేదేనమ్మా."

"మీరిలా వచ్చినట్టు ఆయనకి తెలుసా?"

"తెలుసు. ఆయనే పొమ్మన్నాడు."

ఆవిడ మూతి విరిచింది. "గొర్రెని తోలేసే కాపరా! బాగానే ఉంది."

రెండో కీర్తన అయ్యాక పాస్టర్ బూత్ చేతులు చాచాడు. "కొత్తగా వచ్చిన బ్రదర్, లేవండి. మీ సంఘం వందనాలు మాకు చెప్పండి."

ఎక్కడైనా అంతే. పేరు కన్నా ముందు సంఘమే అడుగుతారు. పినాక్ లేచాడు. చర్చిలో అబద్ధం ఆడలేడు.

"తాబోరు కొండ సంఘం నుంచి వందనాలండీ."

"ఆమేన్! మీ పాస్టరుగారు కులాసానా?"

పినాక్ టై ముడి సర్దుకున్నాడు. వందల కళ్ళు తన మీదే.

"బాలేడండీ. ఈస్టరుకి ముందు భార్య పోయింది. సమాధి దగ్గర పాట ఎత్తుకున్నది కూడా ఆయనే. ఆ ఆదివారమే మళ్ళీ ప్రసంగం. అందరినీ ఓదారుస్తాడు. ఆయనకింకా ఏడవడానికే తీరలేదు."

చర్చిలో విసనకర్రలు ఆగిపోయాయి. మూతి విరిచినావిడ "అయ్యో తండ్రీ" అంటూ అతని మోచెయ్యి పట్టుకుంది.

"సంఘమా, లేవండి," అన్నాడు బూత్. "ఆ దైవజనుడి కోసం ప్రార్థిద్దాం. బ్రదర్, ఆయన పేరేంటి?"

అందరూ చేతులెత్తి ఎదురు చూస్తుంటే, పినాక్ తల వంచి తన పేరే చెప్పాడు.