జాబర్ కత్తెర

ఆటో మిల్లు గేటు ముందు ఆగీ ఆగకముందే నూర్జాన్ చెప్పు చేతిలోకి తీసుకుంది.

"యాడుండాడు వాడు? ఆ జాబర్ షావలి యాడుండాడు?"

వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. "అమ్మా, షిఫ్టు నడుస్తాండాది. లోపలికి పోకూడదు."

"నా బిడ్డ తలకాయ కత్తిరించేటప్పుడు యాడికి పోయినాది నీ షిఫ్టు? జరుగు పక్కకు!"

జరిగాడు. అంత కోపం ముందు ఎవడు నిలబడతాడు?

గుంతకల్లు రోడ్డు మీద ఉన్న ఆ దారం మిల్లులో నూర్జాన్ కూతురు ఆరీఫా సైడర్. గిర్రున తిరిగే కదుళ్ళ ముందు అటూ ఇటూ నడుస్తూ, ఎక్కడ దారం తెగితే అక్కడ అతికించడం సైడర్ పని. ఆ షెడ్డులో సైడర్లందరి మీదా పెత్తనం జాబర్‌ది. షావలి జాబర్. పరాయివాడేం కాదు, నూర్జాన్ వాళ్ళ వీధివాడే. వానలు మొహం చాటేసి చేను బీడు పడ్డ ఏడాది, ఆరీఫాను పనిలో పెట్టించింది కూడా అతనే. అన్నా అని పిలిచి, నమ్మి పంపింది. అందుకే ఆమెకు ఇంకా మండిపోతోంది.

నిన్న మధ్యాహ్నం ఆరీఫా ఇంటికి వచ్చింది. నడుము దాటే జడ లేదు! మెడ దగ్గరికి, ఎగుడుదిగుడుగా, గొర్రెకు బొచ్చు తీసినట్టు కత్తిరించి ఉంది. ఎవరే ఈ పని చేసింది అంటే "షావలి మామ" అంది. ఎందుకే అంటే ఏడుపు. రాత్రంతా ఒళ్ళు కాలిపోయే జ్వరం. తెల్లారాక ఒకటే మాట.

"మిల్లుకు పోవద్దుమా. నీ కాళ్ళు పట్టుకుంటా, పోవద్దు."

పిల్ల ఎంత బెదిరిపోయి ఉంటే ఆ మాట అంటుంది! ఇక ఏ తల్లి ఊరుకుంటుంది?

షావలి షెడ్డులోంచి బయటికి వచ్చాడు. గడ్డం నిండా దూది నుసి. నూర్జాన్ ఒక్క మాట కూడా అడగలేదు. చెప్పుతో చెంప మీద కొట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"కత్తిరించినావా లేదా? అల్లా మీద ఆన పెట్టి చెప్పు!"

"కత్తిరించినా."

"ఏం పాపం చేసినాదిరా నీకు నా బిడ్డ?"

షావలి తల వంచుకున్నాడు.

"యాడ చెప్తాడు! పొద్దు లేస్తే ఆడపిల్లోళ్ళ తలకాయల మీదే ఈయప్ప కన్ను. టోపీ పెట్టుకో, జడ లోపలికి దోపుకో, పూలు తీసెయ్! ఆరీఫా వచ్చి చెప్తాంటే నవ్వి ఊరుకుంటి. నా బుద్ధికి మన్ను పడ!"

చుట్టూ మూగిన ఆడవాళ్ళంతా నేల చూపులు చూస్తున్నారు.

"మాట్లాడరేమే? మీకు లేవా జడలు? మీ ఇండ్లల్లో లేరా ఆడబిడ్డలు?"

షెడ్డు ఊడ్చే తిరుపాలమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. షావలి ఆమెను గుడ్లురిమి చూశాడు. ఆమె అక్కడే ఆగిపోయింది.

"చూడండప్పా, అందరి ముందరే ఎట్ల బెదిరిస్తాండాడో!" అని అరిచింది నూర్జాన్.

గొడవ విని మేనేజర్ ఉదయ్ కుమార్ వచ్చాడు. సంగతి వినగానే అతని మొహం ఎర్రబడింది.

"టోపీ రూలు పెట్టింది నేను. టోపీ లేకుండా మిషను దగ్గర కనబడితే ఎవరైనా సరే, ఆ పొద్దే పనిలోంచి తీసేస్తా. అంతేగానీ కత్తెర పట్టమని నీకు ఎవరు చెప్పినారు? ఆ పిల్ల టోపీ పెట్టుకోలేదా?"

"పెట్టుకునే ఉన్నింది సార్."

"మరి ఎందుకు కత్తిరించినావ్?"

షావలి గడ్డంలోని దూది నుసి దులుపుకున్నాడు.

"నిన్నేనయ్యా అడిగేది!"

"నా ఖర్మ సార్."

విన్నారా! ఆ జవాబుకు నూర్జాన్ ఒళ్ళు భగ్గుమంది. వీణ్ణి పనిలోంచి తీసేసేదాకా గేటు కదలనని అక్కడే బైఠాయించింది. రేపు వీధిలోని ఆడవాళ్ళందరినీ తీసుకొస్తానంది. అంత దూరం పోలేదు. మేనేజర్ అప్పటికప్పుడే షావలి మెడలోని కార్డు తీయించాడు. ఇంకెప్పుడూ మిల్లు ఛాయలకు రావద్దన్నాడు.

షావలి కార్డు ఇచ్చేశాడు. "ఆ పాప పని పోదు గదా సార్?" అని మాత్రం అడిగాడు.

"ఆ పిల్ల తప్పేముంది? జ్వరం తగ్గినాక రమ్మను."

"ఇప్పుడు పుట్టుకొచ్చినాదా జాలి!" అని నూర్జాన్ కాండ్రించి ఉమ్మింది.

అతను గేటు దాటుతుంటే మళ్ళీ ఎదురు పోయి నిలదీసింది. "నా బిడ్డ జడ యాడ పెట్టినావ్? వెంట్రుకలోళ్ళకు అమ్ముకుంటివా? జడ ఇచ్చి కదులు!"

"అది మాత్రం అడగొద్దు నూర్జాన్. ఇంటికి పో."

రోడ్డు వెంబడి నడిచి వెళ్ళిపోయాడు. కసి తీరిందనుకుంది గానీ, జడ మాట మనసులో కెలుకుతూనే ఉంది. ఏళ్ళ తరబడి తన చేతులతో నూనె రాసి, దువ్వి, అల్లిన జడ. కనీసం సవరం చేయించుకున్నా పెళ్ళినాటికి పనికొస్తుంది. జడ దొరికేదాకా పోనని గేటు పక్కన నీడలో కూలబడింది.

మేనేజర్ కారు వెళ్ళిపోయేదాకా కాచుకుని, తిరుపాలమ్మ గోనెసంచి ఒకటి చంకన పెట్టుకుని బయటికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడమ్మా ఆయప్ప. చెప్పను. జడ కావాలంటివి గదా, తెచ్చినా. విడిపించేకి మాతో కాలేదు, ఇట్లే తీసుకో."

నూర్జాన్ ఆ బరువు సంచిని ఒళ్ళో పెట్టుకుని మూతి విప్పింది: లోపల మిషను నుంచి ఊడదీసిన ఇనుప రోలరు, దానికి కొస నుంచి మెడ దాకా చుట్టలు చుట్టలుగా బిగుసుకుపోయిన ఆరీఫా జడ.