కదలాల్సింది ఎవరు

చారులో ఇంగువ ఎక్కువైందని రాఘవులు, జలుబు ముక్కుకు అదేం తెలుస్తుందని అతని భార్య సుభాషిణి, వడ్డన మొదలైన దగ్గర్నుంచీ తగువులాడుతూనే ఉన్నారు. ఆమె ఆడవాళ్ల జైలుకు వార్డరు. ఇప్పుడు వార్డర్లంతా ఇంటి నుంచే తెర మీద చూస్తూ కాపలా కాస్తున్నారు. ఖైదీ చేతికున్న పట్టీ ఆ ఖైదీ భయాన్ని పసిగట్టి ఎర్రబడుతుంది. వార్డరు తెరను వేలితో ఒత్తగానే, భద్రత కోసమంటూ యంత్రం భయపడిన మనిషినే ఒంటరి గదికి పంపేస్తుంది.

ఇంతలో తెర మీద ఖైదీ చంద్రకళ పట్టీ ఎర్రబడింది. సుభాషిణి వేలు చాచింది.

"ఒత్తకండమ్మా!" అంది చంద్రకళ గొంతు తగ్గించి. "పోయినసారి నెల్లాళ్లు గోడల్ని చూస్తూ కూచున్నా. నా గదిలో ఉండే ఆ రత్తమ్మ రోజూ నా ఒంటి మీద చెయ్యేస్తుంటే, శిక్ష నాకా? అందుకే మిగతావాళ్లు ఊపిరి బిగబట్టి పట్టీని ఎర్రబడనివ్వటం లేదు. నాకే చాతకాలేదు."

ఫిర్యాదులే లేని జైలని తమకు వచ్చిన మెప్పు వెనకున్నది ఇదన్నమాట, అనుకుంది సుభాషిణి. ఆమె వేలు వెనక్కి తీసుకుని, గది తలుపు తెరిపించింది.

"నేనొచ్చేదాకా వంటశాలలో అందరి మధ్యా ఉండు, తల్లీ."

"యంత్రాన్ని కాదంటే ఉద్యోగం ఊడుతుందే!" అన్నాడు రాఘవులు.

"ఊడితే ఊడనీండి," అంది సుభాషిణి కంచంలో చెయ్యి కడుగుతూ. "ఆ పిల్లను ఒంటరి గదికి కదపను. నేనే వెళ్లి రత్తమ్మను వేరే గదికి మారుస్తా. ఆ పిల్ల చెప్పింది డాక్టరమ్మతోనూ పోలీసులతోనూ నా ఎదుటే రాయిస్తా."