పదికి పది

కార్లు ఎంత నమ్మదగినవో మనుషులు మార్కులు వేయడం మానేసి చాలా కాలమైంది. లోపల కూర్చున్నవాళ్ల మాటలు విని కార్లే వేసుకుంటున్నాయి. ఆ మార్కులు చూసే భానోజీరావు కారు కొన్నాడు. మారేడుమిల్లి ఘాట్‌లో అది ఆగిపోయింది, తలుపులు తెరుచుకోలేదు. గుండెనొప్పి వచ్చి అతను అందులోనే పోయాడు.

నెల తిరిగినా ఆ రకం కారుకి పదికి పది మార్కులే ఉన్నాయి. అతని భార్య హైమావతి రాజమండ్రిలోని మార్కుల ఆఫీసుకి వెళ్లి ఎందుకని అడిగింది. అక్కడి ఉద్యోగిని, ఆ రోజు కారు విని మార్కులు వేసుకున్న మాటల రికార్డింగు వినిపించింది.

"బండి బాగానే ఉంది హైమా. నువ్వు కంగారుపడకు. అన్నం తినేసి పడుకో."

ఆ రోజు ఫోన్లో అతను తనతో అన్న చివరి మాటలవి.

"నేను భయపడతానని అలా చెప్పారమ్మా. అబద్ధమది," అంది హైమావతి.

"అలాగైతే చెరిపేస్తామండి, మార్కులూ తగ్గుతాయి. కానీ ఈ గొంతు ఇంకెక్కడా ఉండదు. ఇది కంపెనీదండి, మీకు కాపీ ఇవ్వకూడదు."

బయట హాల్లో ఒక జంట అదే రకం కారు బొమ్మ, పక్కన దాని మార్కులూ చూసి మురిసిపోతున్నారు. భార్య నిండు చూలాలు.

"ఇంకొక్కసారి వినిపించమ్మా," అంది హైమావతి.

విన్నాక కళ్లు తుడుచుకుని, "చెరిపెయ్యి," అంది.