పగటి దుప్పటి

క్రెష్‌లో పనిచేసే ఆయా చిన్న దుప్పటి అంచుని రెండు చేతులా పట్టి గట్టిగా లాగింది. తర్వాత తడి రుమాలుతో రుద్ది, రంగు దిగుతుందేమో చూసింది.

"దుప్పటి కొంటున్నావా, పెళ్ళిచూపులకొచ్చావా అక్కా?" కొట్టావిడ నవ్వింది.

"రోజూ ఇరవై మంది పిల్లల్ని నిద్రపుచ్చే చేతులివి. ఎన్నిసార్లు ఉతికినా పీచు లేవకూడదు. మా దగ్గర ఒకడు అంచు నములుతాడు, ఇంకొకతి పక్క తడిపితే గానీ లేవదు."

పిల్లల గుట్లన్నీ ఆమెకి కొట్టిన పిండే.

"అయితే ఇది క్రెష్‌కేనా?"

"కాదు, మా పాపకి. మా అమ్మ దగ్గర పెరుగుతోంది. ఈసారైనా సెలవు దొరికితే, మధ్యాహ్నం పడుకున్నప్పుడు నా చేత్తో కప్పాలని."

"మరి పాప కూడా అంచు నములుతుందా?"

"ఉండు, అడుగుతా," అని ఆయా వాళ్ళమ్మకి ఫోన్ చేసింది.

అమ్మ గొంతు కొట్టంతా వినపడింది. "పగటి నిద్రా? అది మానేసి ఏడాదైందే! మధ్యాహ్నమంతా గెంతుతూనే ఉంటుంది. నీకు చెప్పలేదూ?"

"చెప్పావులే, నేనే మర్చిపోయా," అని అబద్ధమాడి ఆయా ఫోన్ పెట్టేసింది.

కొట్టావిడ మెల్లిగా దుప్పటి మడతపెట్టబోయింది. "అయితే వద్దా అక్కా?"

"ఎందుకొద్దూ? రాత్రిళ్ళు కప్పుకుంటుంది. ఇంకాస్త పెద్దది చూపించు."

"ఎంత పొడుగుంటుంది పాప?"

"ఇంత..."

ఆయా చెయ్యి మోకాలి దగ్గర మొదలై, నడుం దాకా లేచి, ఎక్కడ ఆగాలో తెలియక గాల్లోనే ఉండిపోయింది.